నలువది దినముల నియమము
(తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘమున ఉగాదిని గూర్చియు, సంక్రాంతిని గూర్చియు పెద్దలు పలుమారులు ప్రసంగించియున్నారు. క్రైస్తవుల లెంటు దినములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను ఆ సంప్రదాయమున పుట్టి పెరిగినవాడను గనుక సమ్మతించితిని.

ఈస్టరు పండుగకు ముందు వచ్చు నలువది దినములకు లెంటు అని పేరు. వసంతర్తువును తెలుపు ప్రాచీన ఆంగ్లపదము దీనికి మూలము. తెలుగున కతోలికులు దీనిని తపస్కాలమందురు. తక్కిన సంఘములవారిలో పెక్కురు శ్రమదినములందురు. భస్మ బుధవారము మొదలు ఈస్టరు ముందటి శనివారము వరకు లెక్కించినచో 46 దినములగును. ఆదివారములు ఉపవాస దినములు కావు. ఆ ఆరింటిని తీసివేయగా 40 మిగులును. క్రీస్తు అరణ్యమున నలువది దినములు ఉపవసించిన వృత్తాంతమే దీనికి ఆధారము. మొదటి దినమున, గత సంవత్సరము మట్టల ఆదివారమున పట్టిన మట్టలను కాల్చిన బూడిదను నుదుట నుంచుదురు. నాడు జయధ్వానములతో ఎత్తి పట్టిన మట్టయే నేడు బూడిద. మానవుని అహంకారమునకు ఇంతకంటె సులభమైన పాఠము వేరొకటి యుండదు.

శుభ శుక్రవారము మనకు సెలవుదినము. భస్మ బుధవారము కాదు. మార్చి నెలలో అధికభాగము ఎల్లప్పుడును ఈ దినములలోనే పడును. పద్దుల ముగింపు, నిధుల సర్దుబాటు, ఇంట పిల్లల పరీక్షలు - వీని నడుమ సాగవలసిన నియమము నిరాడంబరముగా నుండుటయే మేలు.

మొదటిది ఆహార నియమము. 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రము భస్మ బుధవారమును, శుభ శుక్రవారమును మాత్రమే ఉపవాస దినములుగా విధించినది. ఆ దినములలో ఒక్కపూట మాత్రమే పూర్తి భోజనము. 18 ఏండ్లు నిండినవారికే ఈ విధి. 59 నిండిన పిమ్మట లేదు. రోగులను ఎవరును నిర్బంధింపరు. తక్కిన సంఘములలో పెక్కింట ఇది వారివారి మనస్సాక్షికి విడువబడినది. ఒక్కటి మాత్రము స్పష్టము. మాంసము మాని, అంతకు రెట్టింపు వ్యయముతో పన్నీరు కూరలు వండించినచో మారినది వంటయే గాని మనస్సు కాదు.

రెండవది దానము. మా తల్లిగారు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసెడివారు. ఆదివారమున దానిని గుడికి కొనిపోయెడివారు. తెలుగు పల్లెలలోని అనేక క్రైస్తవ సంఘములలో స్త్రీలు ఈ పిడికెడు బియ్యపు కానుకను పాటించుచు వచ్చిరి. దీని అంతరార్థము గమనింపదగినది. మిగిలినది ఇచ్చుట వేరు. వండకమునుపే మన పాలునుండి తీసియుంచుట వేరు. నగరమున మనము మానిన ఒక పూట భోజనమునకు, ఒక కప్పు తేనీటికి అగు సొమ్మును ఒక డబ్బాలో వేసి, ఈస్టరు నాటికి మన ఇంట అంట్లు తోము ఆమె బిడ్డ పుస్తకములకో, చదువుకో ఇయ్యవచ్చును. పేరు వలదు, రశీదు వలదు. ఉపవాసమును రహస్యముగా చేయుమని క్రీస్తు కొండమీది ప్రసంగమున బోధించెను.

మూడవది మన వృత్తికి సంబంధించినది. మా తండ్రిగారు ఉపాధ్యాయులుగా నుండగనే మరణించిరి. కుటుంబ పింఛను మంజూరగుటకు పదునొకండు మాసములు పట్టెను. ఒక కార్యాలయమున ఆ కాగితములు ఒక బల్ల నుండి మరియొక బల్లకు చేరలేదు. ఆ మాసములలో మా తల్లిగారు ఇన్నేండ్లు పిడికెళ్లు వేసిన బియ్యమే, సంఘమువారి చేతులమీదుగా, మా ఇంటికి తిరిగి వచ్చినది. నేను నేడు అట్టి బల్లయొద్దనే కూర్చుండియున్నాను. ఉపవసించుచునే కలహించుచు, పనివారిని పీడించువారి ఉపవాసము దేవునికి అక్కరలేదని యెషయా ప్రవక్త గ్రంథము 58వ అధ్యాయము ఘోషించుచున్నది. నలువది దినములు ఒక వితంతువు ఫైలు మన బల్లపై నిద్రించినచో, ఆ నలువది దినములును ఆమెచేత మనము ఉపవాసము చేయించినట్లే. మనము ఎన్ని పూటలు మానిన ఆ లెక్క సరిపోదు. కావున భస్మ బుధవారమున బల్లపైనున్న పాత కాగితములను బయటికి తీయుటయు తపస్సే యని నా మనవి.

ఇంట చేయదగినది కొంచెమే. మార్కు సువార్త 16 అధ్యాయములు మాత్రమే. రాత్రి భోజనానంతరము పిల్లలచేత తలయొక భాగము చదివింపవచ్చును. మాటలు మానిన బంధువునకు ఒక ఉత్తరము వ్రాయవచ్చును. శుభ శుక్రవారమున పండ్రెండు గంటల నుండి మూడు గంటల వరకు సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానించు ఆరాధనకు కుటుంబసమేతముగా పోవచ్చును.

2025లో మన దేశమున రంజాను ఉపవాసములు మార్చి 2న ఆరంభము కాగా, భస్మ బుధవారము 5న వచ్చినది. ఏకాదశి, కార్తిక సోమవారములు పాటించు తెలుగువారికి ఉపవాసము క్రొత్త కాదు. మతములు వేరైనను ప్రశ్న ఒక్కటే: మనము మానిన ముద్ద ఎవరి పళ్లెమునకు చేరినది? దీనికి ప్రతి గృహమునను ఒక సమాధానము దొరకుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.