పెత్తనం కాదు, పని

(రాత్రి చదువుల కేంద్రంలో తల్లిదండ్రులతో ఒక టీచరు మాట్లాడిన మాటలు)



మన బడిలో స్కౌట్లు, గైడ్లు ఉన్నారు. మగపిల్లలు స్కౌట్లు, ఆడపిల్లలు గైడ్లు. మెడలో స్కార్ఫు కట్టుకుని వెళ్తుంటే మీరు చూసే ఉంటారు. "వాళ్లలో మళ్లీ లీడర్లు ఎందుకమ్మా? పిల్లలకు పెత్తనం దేనికి?" అని మీలో కొందరు నన్ను అడిగారు. ఈ రోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

1907లో ఇంగ్లండులో బేడెన్ పవెల్ అనే ఆయన ఒక దీవిలో క్యాంపు పెట్టాడు. ఇంచుమించు 20 మంది పిల్లలు వచ్చారు. కలిగినవాళ్ల పిల్లలూ ఉన్నారు, కష్టం చేసుకునేవాళ్ల పిల్లలూ ఉన్నారు. అందరినీ కలిపి నాలుగు జట్లు చేశాడు. ప్రతి జట్టుకూ ఒక పిల్లవాణ్నే లీడరుగా పెట్టాడు. జట్టు పని జట్టే చూసుకోవాలి. అదీ పద్ధతి.

మన దేశంలో మొదట్లో మన పిల్లలను స్కౌట్లలో చేర్చుకోలేదు. అందుకని 1916లో అనీబిసెంటు మద్రాసులో మన పిల్లల కోసం వేరే సంఘం పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో స్కౌటు సంఘాలు కలిసి 'భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్' ఏర్పడింది. 1951లో గైడ్ల సంఘం కూడా అందులో కలిసింది.

ఒక్కో జట్టులో ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఉంటారు. ఆ జట్టును పెట్రోల్ అంటారు. బండిలో పోసే పెట్రోలు కాదు సుమా! దానికి ఒక లీడరు, లీడరుకు తోడుగా ఒక సెకండు. ఒకరు సామాను చూస్తారు. ఒకరు లెక్క రాస్తారు. ఒకరు మందుల పెట్టె మోస్తారు. ప్రతి పిల్లకూ ఒక పని ఉంటుంది. అన్ని జట్ల లీడర్లూ కూర్చుని ఏం చేయాలో మాట్లాడుకుంటారు. దాన్ని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి ఏడాది ఒక జట్టుకు లీడరును నేనే ఎంచాను. పొడుగ్గా ఉంది, గొంతు పెద్దది, బాగా చదువుతుంది. ఇంకేం కావాలి అనుకున్నాను. ఒకరోజు చెరువు గట్టు మీదికి వంటకు వెళ్లాం. ఆ పిల్ల అందరికీ పనులు చెప్పింది, తను మాత్రం కూర్చుంది. నీళ్లు ఎవరూ తేలేదు. అన్నం మాడింది. ఒక చిన్నపిల్ల కాలిలో ముల్లు దిగి ఏడుస్తుంటే లీడరు చూడనే లేదు. ఎప్పుడూ నోరు విప్పని ఇంకో పిల్ల వెళ్లి ముల్లు తీసింది. కాలు కడిగి గుడ్డ కట్టింది.

తప్పు ఆ లీడరుది కాదు, నాది. లీడరు అంటే ఏమిటో నేను దానికి నేర్పలేదు. తర్వాత జట్టునే అడిగాను. అందరూ ముల్లు తీసిన పిల్ల పేరే చెప్పారు.

మర్నాడు వాళ్లమ్మ వచ్చింది. "మా పిల్లకు పెత్తనం వద్దు టీచరమ్మా. ఆడపిల్ల. నలుగురి నోళ్లలో పడుతుంది" అంది. నాకు జవాబు దొరకలేదు. జట్టు నోట్‌బుక్కు ఆమె చేతిలో పెట్టాను. ఆమె అప్పటికి ఆరు నెలలుగా ఈ కేంద్రంలోనే అక్షరాలు దిద్దుతోంది. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. ఎవరు నీళ్లు తేవాలి, ఎవరు పొయ్యి చూడాలి, అన్నీ కూతురి చేతిరాతే. చివర ఇలా ఉంది: "మసి గిన్నెలు తోమడం - నేను."

ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఇందులో పెత్తనం ఏదీ?" అంది. తర్వాత, "సరే, ఈ ఏడు చూద్దాం" అని వెళ్లింది.

ఇది మనకు కొత్త సంగతి కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వద్దని కదిలినవాళ్లు అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లే. వాళ్లను ఎవరూ లీడర్లుగా పెట్టలేదు. పని చేస్తూ లీడర్లయ్యారు.

అందుకని నేను కోరేది ఒక్కటే. మీ పిల్లను లీడరుగా ఎంచుకుంటే వద్దనకండి. ఇంట్లో కూడా ఒక పని నమ్మి అప్పగించండి. సంతకు డబ్బిచ్చి పంపండి. లెక్క రాయమనండి. తప్పు చేస్తే తిట్టకుండా మళ్లీ చేయనివ్వండి. వాళ్లు రాసిన లెక్క మీరు చదవండి. ఇప్పుడు మీకూ చదువు వచ్చు కదా!