రక్తపింజర, గాజు గొట్టం



పట్టభద్రులారా, మీరు వరిచేల గట్ల మీద, కొబ్బరి తోటల్లో తిరిగి పెరిగినవాళ్లు. అందుకే ఈరోజు రక్తపింజర గురించి మాట్లాడతాను. నెత్తురు ఎంత పద్ధతిగా పనిచేస్తుందో ఆ పాము కాటు చూస్తే తెలుస్తుంది.

ఎముకల్లోని మజ్జ క్షణానికి 20 లక్షలకు పైగా ఎర్రకణాలను పుట్టిస్తుంది. ఒక్కోటి సుమారు 120 రోజులు బతుకుతుంది. ప్లేట్‌లెట్లూ అక్కడివే, కానీ వాటి ఆయుష్షు వారం పది రోజులే. కొడవలి తగిలి వేలు తెగితే ముందు రక్తనాళం ముడుచుకుంటుంది. ప్లేట్‌లెట్లు గాయానికి అతుక్కుంటాయి. కాలేయం తయారుచేసే ప్రోటీన్లు ఒకదాని తర్వాత ఒకటి పనిలోకి దిగి, చివరకు ఫైబ్రిన్ పోగులతో వల అల్లుతాయి. ఇదంతా తెగినచోటే జరగాలి.

రక్తపింజర విషం ఈ పనిని ఒళ్లంతా మొదలుపెట్టిస్తుంది. 5వ, 10వ గడ్డకట్టే కారకాలను గాయం లేనిచోట రేపుతుంది. పోగులకు ముడిసరుకైన ఫైబ్రినోజెన్ కొద్ది గంటల్లోనే ఖర్చయిపోతుంది. ఆపైన చిగుళ్ల నుంచి నెత్తురు కారినా, మూత్రంలో పడినా ఆగదు. కిడ్నీలూ దెబ్బతింటాయి.

రక్తం గడ్డకట్టడం లేదని పట్టడానికి యంత్రం అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. నీళ్లలా జారిపోతే విరుగుడు ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. గొట్టానికి సబ్బు అంటుకుని ఉన్నా, అది ప్లాస్టిక్‌దైనా ఫలితం తప్పుతుంది. గొట్టం కడిగే మనిషి శ్రద్ధ కూడా వైద్యమేనని నేను నమ్ముతాను. విరుగుడు విషాన్ని అడ్డుకుంటుంది గానీ ఖర్చయిన ప్రోటీన్లను తిరిగివ్వదు. వాటిని కాలేయమే మళ్లీ తయారుచేసుకోవాలి. అందుకే 6 గంటల తర్వాత ఇంకోసారి పరీక్షిస్తారు.

ఈ పాములను శ్రద్ధగా పరిశీలించి 1796లో పుస్తకం అచ్చువేసిన ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో పనిచేసినవాడే. ఇంగ్లీషులో రక్తపింజరకు ఆయన పేరే ఉంది. అదే విషాన్ని ఇవాళ ప్రయోగశాలల్లో రక్తం గడ్డకట్టే తీరును పరీక్షించడానికి వాడుతున్నారు.

వరదల్లో పడవ ఎక్కి దాటాల్సివచ్చే లంక ఊళ్లు మీకు తెలుసు. అక్కడ ప్రతి నిమిషం విలువైనది. మీ ఇంట్లో, మీ వీధిలో, పొలం పనులకు వెళ్లేవాళ్లకు చెప్పండి: కాటు పడితే తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. కరిచిన కాలు కదలనివ్వకుండా, 108కి ఫోన్ చేసి, తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.