డెబ్బై దాటాక మళ్ళీ విద్యార్థిని

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఈ వయసులో మీరు యూనివర్సిటీ డిగ్రీ చదువుతున్నారట, దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శి గారు ఆదేశించారు. ఆ వార్త ఆర్మూర్‌లో పాకినప్పటి నుంచి నన్ను అడగని వారు లేరు. "సారూ, ఇంకేమన్న ఇంక్రిమెంటు వస్తదా?" అని ఒకరు. "ప్రమోషన్ ఇస్తరా?" అని ఇంకొకరు. మా ఇంట్లో ఆమె మాత్రం, "మోకాళ్ళ నొప్పికి మందు వేసుకోవడం గుర్తుండదు గాని పాఠాలు గుర్తుంటయా?" అన్నది. అందరికీ ఒకేసారి జవాబు చెప్పే అవకాశం ఇచ్చినందుకు సంఘానికి కృతజ్ఞతలు.

ముందుగా ఈ రోజు సంగతి. డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, ఉద్యోగి సేవ చేసి సంపాదించుకున్న హక్కు అని ఆ తీర్పు సారాంశం. అదే 1982లో మన హైదరాబాద్‌లో ఇంకొక మేలు జరిగింది. దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు దానికి తొలి ఉపకులపతి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ ఆయనే తొలి ఉపకులపతి అయ్యారు. మన విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. ఒకే సంవత్సరంలో వచ్చిన ఈ రెండింటిలో ఒకటి నాకు అన్నం పెడుతున్నది, రెండవది చదువు పెట్టింది.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరాను. అప్పటికి చదువు ఇంటర్మీడియట్ దగ్గరే ఆగిపోయింది. నలుగురు చెల్లెళ్ళ తర్వాత కాలేజీ మాట ఎత్తడానికి ఇంట్లో చోటు లేదు. సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చాక పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని, ఆదివారాలు తరగతులకు వెళ్ళి, తెలుగులోనే చదివి బి.ఏ. పాసయ్యాను. 2009లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో తాలూకాలు పోయి మండలాలు రావడం చూశాను, టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు రావడం చూశాను.

పదవీ విరమణ తర్వాత మా ఇంటి అరుగు మీద దరఖాస్తులు రాసిపెట్టడం అలవాటయింది. పింఛను అర్జీ, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు కాగితం, గల్ఫ్‌లో ఉన్న కొడుకు గురించి విన్నపం, ఇలా ఏదో ఒకటి. కాగితం చక్కగా రాసేవాణ్ణి. తీసుకుని వెళ్ళినవారు వారం తర్వాత మళ్ళీ వచ్చేవారు, పని కాలేదని. అర్జీలో లోపం కనపడేది కాదు. మరి లోపం ఎక్కడ? అది తెలుసుకోవాలన్న పట్టుదలతోనే 71వ ఏట ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.డబ్ల్యు.లో, అంటే సోషల్ వర్క్ పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సులో చేరాను. ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు. వయసుకు పై హద్దు లేదు. తక్కువలో తక్కువ రెండేళ్ళు, ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్ళలో పూర్తి చేయాలి. మన పసుపు తొమ్మిది నెలల పంట, జూన్‌లో విత్తితే చలికాలం పోయేదాకా తవ్వలేం. నా చదువు అంతకంటే మొండి పంట.

మొదటి చిక్కు భాష. పుస్తకాలు ఇంగ్లీషులో వచ్చాయి. ఆఫీసు ఇంగ్లీషు నాకు వచ్చు. "పరిశీలనార్థం సమర్పించడమైనది" అన్నదాన్ని ఇంగ్లీషులో నిద్రలో కూడా రాస్తాను. ఈ ఇంగ్లీషు వేరు. ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఒక్కొక్క మాటకు తెలుగు రాసుకున్నాను. ఎంపతీ అన్న మాటకు మొదట "జాలి" అని రాశాను. మా మనవరాలు చూసి, "తాతయ్యా, జాలి అంటే పైనుంచి చూడటం. ఇది పక్కన కూర్చోవడం" అన్నది. కొట్టివేసి "సహానుభూతి" అని రాశాను. నా మొదటి గురువు ఆ పిల్లే.

ఈ విద్యకు కూడా ఒక చరిత్ర ఉన్నది. సాయం చేయడానికి మంచి మనసుంటే చాలు, చదువెందుకు అనే ప్రశ్న పాతదే. అమెరికాలో మేరీ రిచ్‌మండ్ అనే ఆమె 1917లో ఒక పెద్ద గ్రంథం రాసి, మనిషి కష్టాన్ని విచారించడానికీ ఒక పద్ధతి ఉంటుందని చూపించింది. మన దేశంలో 1936లో బొంబాయిలో టాటా ట్రస్టు వారు తొలి సోషల్ వర్క్ విద్యాలయం స్థాపించారు. తెలుగువారికి గర్వకారణం దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. బాల్యంలోనే పెళ్ళి, ఆ తర్వాత స్వాతంత్ర్యోద్యమం, జైలు. అన్నీ అయిన తర్వాత మెట్రిక్ ప్రైవేటుగా కట్టి, ఎం.ఏ. చేసి, లా చదివారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. వయసు మించిన తర్వాత చదివిన చదువు ఎందుకు పనికొస్తుందని అడిగేవారికి ఆమె జీవితమే సమాధానం.

ఇక అసలు విషయానికి వస్తాను. కోర్సులో కేస్ వర్క్ అనే పాఠం ఉన్నది. ఒక వ్యక్తి కష్టాన్ని ఆ వ్యక్తితో కలిసి అర్థం చేసుకుని, ఆ వ్యక్తి తనంతట తాను నిలబడేలా తోడ్పడటం దాని ఉద్దేశం. చదివిన తర్వాత సాధన కోసం నా అనుభవంలోని ఒక మనిషి కథ రాసుకుందామని కూర్చున్నాను. సర్వీసులో ఎన్ని వేల మందిని చూశానో, ఎవరి గురించైనా రాయవచ్చునని ధీమా.

ఒక విధవరాలు గుర్తుకొచ్చింది. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం ప్రారంభించింది. ఇంటికి సంపాదించి పెట్టే మనిషి చనిపోతే పేద కుటుంబానికి కొంత సొమ్ము ఇచ్చే పథకం అందులో ఒకటి. సహజ మరణమైతే ఆ రోజుల్లో 5,000 రూపాయలు. అది వచ్చిన ఒకటి రెండేళ్ళకు, నేను పనిచేసే ఒక కార్యాలయానికి ఆమె అర్జీ తెచ్చింది. ఆ కార్యాలయం పేరు చెప్పను, ఎందుకంటే తప్పు నాది. రేషన్ కార్డులో భర్త పేరు ఒక తీరు, మరణ ధ్రువపత్రంలో ఇంకొక తీరు. "పేర్లలో వ్యత్యాసం, వాపస్" అని రాశాను. రెండోసారి వచ్చింది. వాపస్. మూడోసారి వచ్చింది. వాపస్. నాలుగోసారి రాలేదు. నా రిజిస్టరులో ఆ కాలమ్ ముగిసింది. విచారణ చేసి రిపోర్టు పంపమని గ్రామానికి రెండు వాక్యాల లేఖ రాసి ఉంటే సరిపోయేది. ఆ అధికారం పై వారిదే అయినా, నోట్ పెట్టవలసిన చెయ్యి నాది.

ఆమె గురించి రాద్దామని కూర్చుంటే, మిత్రులారా, నాకు ఆమె పేరు గుర్తు లేదు. పిల్లలెందరో తెలియదు. ఏం పని చేసి బతికేదో తెలియదు. మూడుసార్లు నా బల్ల ముందు నిలబడిన మనిషి గురించి నాకు తెలిసింది ఆమె కాగితంలోని పొరపాటు ఒక్కటే. ఆ రాత్రి కాగితం మీద ఒక్క వాక్యం కూడా ముందుకు సాగలేదు. నేను నిబంధన తప్పలేదు, లంచం తీసుకోలేదు, దురుసుగా మాట్లాడలేదు. అయినా ఆమెకు రావలసింది రాలేదు. ఇది ఏ ఆడిట్‌లోనూ పట్టుబడని తప్పు.

ఈ కోర్సులో పుస్తకంతో పాటు క్షేత్ర పని తప్పనిసరి. ఊళ్ళోకి వెళ్ళాలి, మనుషులను కలవాలి, రిపోర్టు రాసి పర్యవేక్షకులకు చూపాలి. మన ప్రాంతంలో బీడీలు చుట్టే ఇండ్లకు కొదవ లేదు గనుక అరవై ఏళ్ళ ఒక బీడీ కార్మికురాలి ఇంటికి వెళ్ళాను. మొదటి రోజే జేబులోంచి కాగితం తీసి పేరు, వయసు, ఆధార్, రేషన్ కార్డు అని వరుసగా అడిగాను. ఆమె చేతులు కట్టుకుని జవాబులు చెప్పింది. రిపోర్టు చూసిన పర్యవేక్షకులు, నా కొడుకు వయసువారు, "సార్, ఇది దరఖాస్తులాగా ఉంది. ఈసారి కాగితం లేకుండా వెళ్ళండి" అన్నారు. మనసు చివుక్కుమన్నది. కాని వెళ్ళాను.

రెండోసారి ఊరికే కూర్చున్నాను. మూడోసారి ఆమె ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, నా వైపు చూడకుండానే మాట మొదలుపెట్టింది. "సారూ, నా పేరు రెండు తీర్ల ఉన్నది. కార్ఖానల పిలిచే పేరు రాసిండ్రు, ఆధార్‌ల పెండ్లిల పెట్టిన పేరు ఉన్నది. పీఎఫ్ పైసలు వస్తలేవు. ఇంట్ల చెప్తే కొడుకు కోపం చేస్తడు." మొదటి రోజు నేను అడిగిన ఇన్ని ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు.

మళ్ళీ పేరులో తేడాయే! పాతికేళ్ళ తర్వాత అదే ఆక్షేపణ నా ముందుకు వచ్చి కూర్చున్నది. ఈసారి "వాపస్" అనడానికి నా చేతిలో రబ్బరు స్టాంపు లేదు. "చెల్లె, రేపు ఇద్దరం కలిసి పోదాం" అన్నాను. పేరు సవరణకు యజమాని, కార్మికురాలు కలిసి సంతకం చేసే ఉమ్మడి ప్రకటన ఉంటుంది. దానికి రుజువులు జత చేయాలి. నా ముప్పై ఆరేళ్ళ గుమస్తా విద్య అక్కడ అక్కరకొచ్చింది. కార్ఖానాకు నాలుగుసార్లు తిరిగాం. మొదటిసారి నేను మాట్లాడాను. చివరిసారి ఆమే మాట్లాడింది, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. సవరణ కావడానికి అయిదు నెలలు పట్టింది. డబ్బు వచ్చిన రోజు ఆమె ఫోన్ చేయలేదు. పదిహేను రోజుల తర్వాత ఇంకొక ఆమెను వెంటబెట్టుకుని మా అరుగు మీదికి వచ్చింది. "ఈమెది గూడ గట్లనే ఉన్నది సారూ, ఏం కాగితాలు కావాల్నో నేను చెప్పిన" అన్నది. నా మార్కుల జాబితాలో అంతకంటే పెద్ద మార్కు లేదు.

అన్నీ గొప్పలే చెప్పుకోవడం న్యాయం కాదు. పరిశోధనా పద్ధతుల పేపరులో తప్పాను. అందులోని గణాంకాలు నా బుర్రకు ఎక్కలేదు. వచ్చే జూన్‌లో మళ్ళీ రాస్తాను. పట్టా చేతికి వస్తుందో, అంతకుముందే పై నుంచి పిలుపు వస్తుందో చెప్పలేను. చదువు మాత్రం పని మొదలుపెట్టింది.

మిత్రులారా, చివరిగా ఒక విన్నపం. మనలో ట్రెజరీ తెలిసినవారు ఉన్నారు, రెవెన్యూ తెలిసినవారు ఉన్నారు, బడి తెలిసిన ఉపాధ్యాయులు ఉన్నారు. ఏ కాగితం ఏ బల్ల దగ్గర ఆగుతుందో మనకంటే ఎరిగినవారు ఎవరు? మన సంఘం గదిని వారానికి ఒక్క పూట, రెండు గంటలు, ఇలాంటి వారి కోసం తెరుద్దాం. రుసుము వద్దు, బ్యానరు వద్దు, ఫోటోలు వద్దు. మూడే నియమాలు. వచ్చినవారిని ముందు కూర్చోబెట్టాలి. వారు చెప్పేది పూర్తయ్యేదాకా కలం తీయకూడదు. వారు చేయగలిగిన పని మనం చేయకూడదు, పక్కన ఉండాలి.

పెన్షన్ భిక్ష కాదు, హక్కు అని మన కోసం ఒకరు కోర్టుకు వెళ్ళారు. ఆ ఫలం ప్రతి నెలా మన ఖాతాలో పడుతున్నది. బీడీలు చుట్టిన చేతులకు, పసుపు తవ్విన చేతులకు రావలసింది కూడా భిక్ష కాదు. ఆ సంగతి తెలిసిన మనం అరుగు మీద కూర్చుని ఊరుకుంటే ఎట్లా?

1990ల్లో మూడుసార్లు తిప్పి పంపిన ఆ తల్లి ఎక్కడున్నదో నాకు తెలియదు. ఆమెకు క్షమాపణ చెప్పే దారి లేదు. ఆ బాకీని ఇంకెవరికైనా తీర్చడమే నాకు మిగిలిన పని. వచ్చే శనివారం పది గంటలకు నేను సంఘం గదిలో ఉంటాను. ఇంకొక్కరు తోడు వస్తే రెండో కుర్చీ వేయిస్తాను.