వేంబనాడులో మూడు రోజులు

 

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో స్థిరపడిన మా బ్యాచ్ వాళ్లం ఎనిమిది మందిమి మొన్న ఫిబ్రవరిలో కేరళ వెళ్లి, వేంబనాడు సరస్సులో మూడు రోజులు పడవలు నడిపాం. అందరం అరవై దాటినవాళ్లమే. నడుముకు బెండు కట్టుకొని కపిల బావుల్లో ఈత నేర్చినవాళ్లం. చెరువు మొరవ పారితే ఊరంతా చూడటానికి పోయేవాళ్లం. అలాంటి మా ముందు అవతలి గట్టు ఆనని నీళ్లు!

తొలిరోజు అలెప్పీ దగ్గర పడవ గిరగిరా తిరిగిందే గాని ముందుకు పోలేదు. "బలం చూపొద్దు, ముందువాడి వీపు చూసి తెడ్డు వేయండి" అన్నాడు పడవాయన. అచ్చం మన డ్రిల్లు మాస్టారే! మధ్యాహ్నానికి లయ కుదిరింది. కుమరకంలో రాత్రి తిన్న చేపల కూర గురించి విడిగా చెబుతాను.

మూడోరోజు తణ్ణీర్ముక్కం వైపు గుర్రపుడెక్క అడ్డుపడింది. తెడ్డు దిగదు. అక్కడి వరి పొలాలు సముద్రమట్టం కన్నా కిందున్నాయి. ఉప్పునీరు ఎక్కకుండా ఎండాకాలం కట్ట తలుపులు మూస్తారు. దాంతో వరి బతుకుతుంది, ఉప్పుకు చావాల్సిన గుర్రపుడెక్కా బతుకుతుంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సుకే ఈ గతి.

హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నీళ్లు ఇప్పుడు మన వైపు వస్తున్నాయి. మన బడి వెనక చెరువులోనూ అదే డెక్క. నీళ్లొచ్చే వంక పూడిపోయింది. స్వర్ణోత్సవ నిధితో స్వాగత తోరణం కడదామంటున్నారు. ఆ డబ్బుతో వంక పూడిక తీయిద్దామని నా కోరిక. మేం ఎనిమిది మందిమి తలా పదివేలు వేస్తాం. తోరణం కావాలనేవాళ్లు భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి, మాట్లాడుకుందాం.