ఆకాశంలో ఆకర్షణ లేదా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల సంగతి నా తర్వాత మాట్లాడేవారు ఎలాగూ చెబుతారు గనుక, నేను గురుత్వాకర్షణ గురించి నాలుగు మాటలు చెబుతాను.

1984లో రాకేశ్ శర్మ గారు, 2025లో శుభాంశు శుక్లా గారు అంతరిక్షంలో తేలుతూ ఉండడం మనం టీవీలో చూశాం. చూసినవారు సాధారణంగా అనే మాట, "అక్కడ భూమ్యాకర్షణ ఉండదు కదండీ!" అని. ఉంటుంది. శుక్లా గారు వెళ్ళిన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. భూమి వ్యాసార్ధమే సుమారు 6,400 కిలోమీటర్లు. దాని ముందు 400 ఎంత? అక్కడి ఆకర్షణ ఇక్కడి దానిలో నూటికి 88 పాళ్ళు ఉంటుంది.

మరి ఎందుకు తేలుతున్నారు? పడిపోతున్నారు గనుక!

వింతగా ఉన్నా అదే నిజం. న్యూటన్ దీన్ని ఫిరంగి ఉదాహరణతో వివరించాడు. ఎత్తైన కొండ మీది నుంచి గుండును అడ్డంగా పేలిస్తే కొంత దూరం పోయి నేల మీద పడుతుంది. వేగం పెంచితే ఇంకా దూరం పోయి పడుతుంది. వదిలిన వస్తువేదైనా మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు కిందికి దిగుతుంది. భూమి గుండ్రంగా ఉంది గనుక, 8 కిలోమీటర్లు పోయేసరికి నేల కూడా 5 మీటర్లు కిందికి వంగుతుంది. కనుక సెకనుకు 8 కిలోమీటర్ల వేగం ఇస్తే, గాలి అడ్డు లేదనుకుంటే, గుండు పడుతూనే ఉంటుంది గాని నేల అందదు. చంద్రుడు చేస్తున్నదీ ఇదే. మనకు 60 భూవ్యాసార్ధాల దూరంలో ఉన్నాడు గనుక అక్కడ ఆకర్షణ 3,600వ వంతు. సెకనుకు మిల్లీమీటరున్నర లోపే మనవైపు పడుతున్నాడు.

భాస్కరాచార్యుడు 1150లోనే సిద్ధాంత శిరోమణిలో భూమికి ఆకర్షించే శక్తి ఉందని రాశాడు కదా అని కొందరు మిత్రులు అడుగుతుంటారు. రాశాడు. గర్వించదగ్గ మాటే. అయితే భూమి ఒక్కటే కాదు, ప్రతి పదార్థమూ మరొకదాన్ని లాగుతుందని, ఎంత దూరంలో ఎంత లాగుతుందని లెక్క కట్టి 1687లో ప్రకటించినవాడు న్యూటన్. ఎవరి వాటా వారికి ఇవ్వడం న్యాయం.

ఇక బరువు. అది మనకు తెలిసేది భూమి లాగడం వల్ల మాత్రమే కాదు, నేల మనల్ని అడ్డుకోవడం వల్ల. లిఫ్టు కిందికి బయలుదేరగానే ఒళ్ళు తేలికైనట్టుంటుంది. తీగలు తెగితే (తెగకూడదనే కోరుకుందాం) కాళ్ళ కింద ఉన్న తూకం యంత్రం సున్నా చూపుతుంది. ఆకర్షణ పోలేదు, యంత్రమూ మనతోపాటే పడుతోంది. వ్యోమగాముల స్థితి అదే.

ఇందులో మన వయసువారికి పట్టే సంగతి ఒకటుంది. ఒంటి బరువు మోసే పని లేక, వ్యోమగాముల తుంటి ఎముకలు నెలకు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు గట్టిదనం కోల్పోతాయి. అందుకే వాళ్ళు రోజుకు రెండు గంటలు వ్యాయామం చేస్తారు. ట్రెడ్‌మిల్ మీద ఒంటిని పట్టీలతో కిందికి బిగించుకుని మరీ పరుగెత్తుతారు. ఈ నష్టాన్ని నేల మీద పరిశీలించడానికి శాస్త్రజ్ఞులు చేసే పని ఏమిటో తెలుసా? ఆరోగ్యంగా ఉన్నవారిని వారాల తరబడి మంచం మీద పడుకోబెట్టడం.

మనకేమో రిటైరయ్యాక ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ "మీరు కూర్చోండి" అంటారు. మంచినీళ్ళు కూడా కుర్చీ దగ్గరికే వస్తాయి. ఆ గ్లాసు మనమే లేచి తెచ్చుకుందాం. మోకాళ్ళ నొప్పులున్నవారు, ఒకసారి ఎముక విరిగినవారు మాత్రం ఎంత నడవాలో డాక్టరు గారిని అడిగి నడవండి.