మట్టికి మట్టి అతకాలంటే

బనగానపల్లె దగ్గరి పాతపాడు పేరు పురావస్తు గ్రంథాల్లో ఒక రకం గిన్నెల వల్లే నిలిచింది. వేల ఏళ్ల కిందట అక్కడి కుమ్మరులు ఎర్రటి గిన్నెలకు రంగులతో గీతలు గీసి, పక్కన పొడవాటి కాలువలాంటి కొమ్ము అతికించారు. గిన్నె వేరు, కొమ్ము వేరు. ఆ రెంటినీ కలిపిన చోటే పనితనమంతా ఉంది.

అతుకు ఎందుకు పగులుతుంది?

మట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. చాలా రకాల మట్టి నిడివిలో 5 నుంచి 8 శాతం తగ్గుతుంది. గిన్నె సగం ఆరి, కొమ్ము పచ్చిగా ఉంటే, కొమ్మే ఎక్కువ కుంచించుకుపోయి అతుకును లాగేస్తుంది. అందుకే రెండు ముక్కలూ ఒకే తడిలో ఉండాలి. వేలితో నొక్కితే సొట్టపడకుండా, గోటితో గీస్తే గీత పడేంత గట్టిగా ఉన్నప్పుడు కలపాలి. అతికే చోట రెండువైపులా అడ్డదిడ్డంగా గీతలు గీసి, అదే మట్టిని నీళ్లలో చిక్కగా కలిపి పూయాలి. గాలి చిక్కకుండా అటూ ఇటూ కదుపుతూ అదమాలి. అతుకు చుట్టూ సన్నని మట్టి తాడు పెట్టి నునుపు చేయాలి.

కర్నూలు, కడపల్లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేడిగాలికి సన్నని కొమ్ము ముందే ఎండిపోతుంది. కొత్తగా అతికినదాన్ని నీడలో ఉంచి, కొమ్మును తడిగుడ్డతో చుట్టి, కొన్ని రోజులు నిదానంగా ఆరనివ్వండి. పూర్తిగా ఆరాకే ఆవంలో పెట్టండి.