ఈకతో కట్టిన పురుగు

కోనసీమలో గాలము నెరుగని పల్లె లేదు. అల్లవరము చుట్టుపట్ల కాలువగట్టున, కొబ్బరిచెట్ల నీడను, వెదురుగెడ చేతబట్టి బెండువంక చూచుచు కూర్చుండు పిల్లలు నిత్యము కనబడుదురు. వారి ఎర వానపాము, కాదేని పిండిముద్ద. ఈ ఎరలు చేపను వాసనచేతను, రుచిచేతను పిలుచును. నేడు నేను చెప్పబోవు ఎరకు వాసన లేదు, రుచి లేదు. అది ఈకతో, దారముతో కట్టిన పురుగు. చేప కంటిని నమ్మించుటయే దాని పని.

ఈ విద్య మిక్కిలి పాతది. దాదాపు 1800 ఏండ్ల క్రిందట ఏలియన్ అను రోమను రచయిత, మాసిడోనియా జాలరులు గాలమునకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలను పట్టుచుండిరని వ్రాసెను. మద్రాసు రాజధానిలో ఉద్యోగము చేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1887లో భారతదేశపు చెరువులలోని గాలపు వేటపై ప్రత్యేకముగా ఒక గ్రంథమునే ప్రకటించెను. పాశ్చాత్యదేశములలో ఇట్టి ఎరలు కట్టువారు మనదేశపు పుంజుల మెడ ఈకలను చాలకాలము తెప్పించుకొనిరి. సంక్రాంతికి డేగ, కాకి, నెమలి యని పుంజుల రంగులెంచు గోదావరి సీమవారికి ఈక వన్నెలను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

ఏ పురుగును కట్టవలెను? ఈ ప్రశ్నకు చెరువే జవాబు చెప్పును. తుంగ మొదళ్లలోను, గుర్రపుడెక్క వేళ్లలోను చిన్న జల్లెడతో దేవి, వచ్చినదానిని తెల్లని పళ్లెములో నీరుపోసి విడువుడు. ముప్పాతిక అంగుళము పొడవున, సన్నగా, ఆకుపచ్చ గోధుమవన్నెలో, తోకవద్ద ఆకులవంటి మూడు రేకులు గల పురుగు కనబడవచ్చును. అది సూదివలె సన్నగా నుండు తూనీగ పిల్ల. ఆ రేకులు దానికి ఊపిరి తీయుటకు తోడ్పడును. దోమపిల్లలను తిని పెరిగి, కడకు అది గట్టుచేరి కాడనెక్కి, వీపు చీల్చుకొని రెక్కలతో వెలువడును. తుంగకాడల కంటియుండు ఎండిన పొట్టు దాని గురుతే. గట్టుకు సాగు ఆ ప్రయాణములోనే చేపలు దానికై కాచియుండును.

ఇక కట్టు విధము. కాడ పొడవుగానున్న 10వ నంబరు గాలమును చిన్న వైసులో బిగించి, మైనము పట్టించిన సన్నని దారమును కాడపై వంపువరకు చుట్టవలెను. కోడిపెట్ట ఈక మొదట నుండు మెత్తని నూగును తోకగా కట్టవలెను. అది కాడలో సగము మించరాదు. మించెనా, చేప తోకకొనను మాత్రము కొరికి పోవును. అక్కడనే సన్నని రాగితీగ కొనను కట్టి, పళ్లెములోని పురుగు వన్నెగల ఉన్నిని దారమునకు పేని, తోకవద్ద సన్నగా, రొమ్మువద్ద లావుగా చుట్టవలెను. పిమ్మట తీగను ఎదురుదిశగా ఎడమెడముగా చుట్టిన, అది ఒంటికణుపులను చూపును, ఎరను ముంచును. కాళ్లకై పెట్ట ఈకను రెండు చుట్లు చుట్టుట చాలును. పుంజు ఈక బిరుసు. తేలు ఎరకు తగును. పెట్ట ఈక మెత్తన. నీట మునిగి కదలును. తలవద్ద ముడివేసి, ఒక బొట్టు వార్నిషు పెట్టిన పని ముగియును.

దీనిని ప్రొద్దుటిపూట కలుపుమొక్కల అంచున వేసి, మునుగనిచ్చి, గట్టువైపునకు బెత్తెడు లాగి ఆపవలెను. మరల బెత్తెడు లాగి, మరల ఆపవలెను. చేప తరచుగా ఆ ఆగినప్పుడే పట్టును. గొరకయు కొర్రమీనును గాలి పీల్చుటకై పైకి వచ్చునవి గనుక, నీటిపై లేచు చిన్నసుడియే వాటి జాడ తెలుపును. చెరువు పాటదారుని అనుమతి ముందుగా పొందుడు. వానకాలమున ఎర్రని పిల్లలగుంపును కాచుచున్న కొర్రమీనును మాత్రము పట్టకుడు. తల్లిదండ్రులు పోయిన ఆ గుంపు ఇతర చేపల పాలగును. తెగిన నైలాను దారమును గట్టున విడువకుడు. పక్షుల కాళ్లకు అది ఉరియగును.

కడపట ఒక్కమాట. కోనసీమలో వరిచేలు పలుచోట్ల రొయ్యల చెరువులైనవి. చేలలో చల్లిన పురుగుమందు చేలోనే నిలువదు. మురుగుకాలువగుండ చెరువు చేరును. పురుగులేని నీరు నిర్మలమని మనము భ్రమపడుదుము. తూనీగపిల్ల చచ్చిన చోట దోమపిల్ల నిర్భయముగ పెరుగును, పురుగును తిని బ్రతుకు చేప పస్తుండును. అట్టి నీటిలో ఎంత నేర్పుతో కట్టిన ఎరయు వ్యర్థమే. లేని పురుగునకు పోలిక యెక్కడిది? కావున గెడ పట్టుకొనుటకు ముందు తెల్లపళ్లెము పట్టుకొనుడు. అది నెలనెలకు ఖాళీయగుచున్నచో, గాలమును మూలనుంచి, ఆ చెరువులోనికి ఏ నీరు వచ్చుచున్నదో ఊరివారందరు కలిసి విచారించుట మంచిది.